ఫిలిం డబ్బాలు ఏమైనాయి?

విజయవాడలో రైలు దిగి బయటికి వస్తే, కాస్త దూరంలోనే గాంధీనగరం ఉన్నది. చూడటానికి అన్ని పేటల వంటిదే: అంగళ్ళు, హోటళ్ళు, సందడి. కాని కొన్ని మేడల మెట్లెక్కి చూస్తే గోడలనిండా సినిమా బొమ్మలుంటాయి. అవి సినిమాలు తీసేవాళ్ళ కచేరీలు కావు. తీసిన సినిమాను కొని, ఊరూరికీ పంపేవాళ్ళ కచేరీలు. వాళ్ళను డిస్ట్రిబ్యూటర్లంటారు.

ఈ వర్తకం ఇక్కడ పెరగటానికి కారణం లేకపోలేదు. ఆంధ్రలో మొట్టమొదటి సినిమాహాలు, మారుతీ హాలు, 1921లో ఈ విజయవాడలోనే వెలిసింది. అదిగాక విజయవాడ పెద్ద జంక్షను. మద్రాసుకూ, హైదరాబాదుకూ, విశాఖపట్నానికీ, బందరుకూ ఇక్కడినుంచి రైళ్ళున్నాయి. సినిమాను డబ్బాల్లో పెట్టి పంపవలసిన రోజుల్లో ఇంతకన్నా కావలసిందేమిటి?

అవును, పిల్లలూ! సినిమా డబ్బాల్లోనే వెళ్ళేది. గుండ్రని, పల్చని రేకు డబ్బాలు. ఒక్కొక్క డబ్బాలో ఒక్కొక్క రీలు. డబ్బాలన్నిటినీ ఒక ఇనప పెట్టెలో సర్ది, తాళంవేసి, రైలులోనో బస్సు టాపు మీదనో వేసేవారు. హాలు ముందు జనం, "బాక్సు వచ్చిందా?" అని అడిగేవారు. ఆ పెట్టె రాకపోతే ఆట లేదు. వర్షానికి వంతెన తెగినా, బస్సు చెడినా ఆట లేదు.

ఆ పెట్టె ఎంత బరువుండేదో ఊహించగలరా? లెక్క కట్టి చూద్దాం.

సినిమాలో బొమ్మ కదిలినట్టు కనిపిస్తుందే గాని, నిజానికి కదలదు. సెకనుకు 24 నిలకడ బొమ్మలు మన కళ్ళ ముందు వరసగా వచ్చిపోతాయి. ఒక అడుగు ఫిలింలో 16 బొమ్మలు పడతాయి. అంటే నిమిషానికి 90 అడుగుల ఫిలిం నడవాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. రెండు ముప్పావు గంటల సినిమాకు దాదాపు 15 వేల అడుగులు కావాలి. అంటే నాలుగున్నర కిలోమీటర్లు! అందులో 2 లక్షల 37 వేల పైచిలుకు బొమ్మలు! పదిహేను రీళ్ళు, వాటి డబ్బాలు, వాటిని మోసే పెట్టె, అన్నీ కలిస్తే మీ అంత పిల్లవాణ్ణి ఎత్తినంత బరువు తప్పకుండా ఉంటుంది.

ఇప్పుడు హాలు వెనకపక్కనున్న మెట్లెక్కి, ఆపరేటరు గదిలోకి పోదాం. పాతకాలపు హాళ్ళలో ఈ గది కోటలోని తుపాకి గదిలా ఉండేది. గోడలో చిన్న కిటికీలు, వాటికి ఇనప మూతలు. మూల ఇసక బొక్కెనలు. ఇంత హడావిడి ఎందుకంటే, 1950 ప్రాంతం దాకా వాడిన ఫిలిం నైట్రేటుతో చేసినది. అది అంటుకున్నదంటే ఆర్పటం ఎవరి తరమూ కాదు. నీళ్ళలో ముంచినా మండుతుంది. ఫిలిం అంటుకోగానే ఇనప మూతలు టపటపా పడిపోయి, మంట హాలులోకి రాకుండా అడ్డుకునేవి. తరవాత మంటలంటుకోని ఫిలిం వచ్చింది. కాని ఇనప మూతలు చాలా హాళ్ళలో అలాగే ఉండిపోయాయి.

గదిలో యంత్రాలు రెండుండేవి. ఎందుకు రెండు? ఒక యంత్రం మీద రీలు నడుస్తూండగా ఆపరేటరు రెండోదాని మీద తరవాతి రీలు ఎక్కించుకోవాలి. మొదటిది అయిపోతుందనగా తెర మీద కుడివైపు పై మూల ఒక చిన్న చుక్క ఒక్క క్షణం కనిపిస్తుంది. అది చూసి ఆపరేటరు రెండో యంత్రాన్ని తిప్పటం మొదలుపెడతాడు. ఏడెనిమిది సెకన్లకు మరొక చుక్క. వెంటనే ఒకదాని వెలుగు మూసి రెండోదాని వెలుగు తెరవాలి. సరిగా చేస్తే కింద కూచున్నవాళ్ళకు ఏమీ తెలియదు. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే తెర తెల్లబోతుంది, నేల టిక్కెట్టువాళ్ళు ఈలలు వేస్తారు.

వెలుగు ఎక్కడిది? పెన్సిళ్ళవంటి రెండు బొగ్గు కడ్డీలను దగ్గరికి చేర్చి విద్యుత్తు పంపితే, వాటి నడుమ సూర్యుడిలాగా మిరుమిట్లు గొలిపే మంట పుడుతుంది. కడ్డీలు అరిగిపోతూంటాయి గనక, వాటిని కొద్దికొద్దిగా జరుపుతూ ఉండాలి. ఆ గదిలో వేడి చెప్పనలవి కాదు. ఫిలిం ఎక్కడైనా చిక్కుకుని ఒక్కక్షణం ఆగిందా, ఆ వేడికి కరిగి బుడగలు లేచేది. హీరో ముఖం నడిమధ్య నుంచి చిల్లు పడి వ్యాపించటం తెర మీద అందరికీ కనిపించేది! ఆపరేటరు ఆ ముక్క కత్తిరించి, రెండు కొనలూ అతికించి, మళ్ళీ నడిపేవాడు. ఆ కాసిని బొమ్మలూ ఆ ప్రింటులో నుంచి శాశ్వతంగా పోయినట్టే.

ఇలా ఊరూరా కాస్త పోతూ, కాస్త గీసుకుంటూ ప్రింటు ప్రయాణం చేసేది. దాని దారి కూడా మీకు చెప్పాలి. వర్తకులు ఊళ్ళను ఏ సెంటరు, బీ సెంటరు, సీ సెంటరు అని విడదీశారు. కొత్త ప్రింటు ముందు విజయవాడ, గుంటూరు వంటి ఏ సెంటర్లలో ఆడుతుంది. అక్కడ జనం పలచబడితే తాలూకా ఊళ్ళకు పోతుంది. ఆ తరవాత ఎన్నో వారాలకో నెలలకో పల్లెటూరి టూరింగు టాకీసుకు చేరుతుంది. అప్పటికి దానినిండా గీతలు. పల్లెల్లో ప్రతి సినిమాలోనూ వాన కురిసేది!

ఒక్కొక్కప్పుడు పక్కపక్క ఊళ్ళ రెండు హాళ్ళకు ఒకే ప్రింటు ఉండేది. మొదటి ఊళ్ళో రీలు అయిపోగానే ఒక కుర్రవాడు దాన్ని సైకిలు మీద పెట్టుకుని రెండో ఊరికి తొక్కేవాడు. రెండో ఊళ్ళో ఆట ఆ సైకిలు మీద ఆధారపడి ఉండేదన్నమాట. ఇంకొక మనిషి కూడా ప్రింటు వెంట వచ్చేవాడు. అతన్ని రిప్రజెంటేటివ్ అనేవారు. టిక్కెట్లు ఎన్ని తెగాయో, డబ్బు ఎంత వచ్చిందో డిస్ట్రిబ్యూటరు తరపున లెక్క చూసుకోవటం అతని పని. హాలు యజమాని మాటను హాలు యజమాని ఒక్కడే నమ్మితే చాలదు కదా!

ఇదంతా వినటానికి సరదాగా ఉన్నా, పల్లెటూరి పిల్లలకు అన్యాయం జరుగుతూనే ఉండేది. పట్నం పిల్లలు సంక్రాంతికి చూసిన బొమ్మను వాళ్ళు ఎండల్లో చూసేవారు. వీడియో క్యాసెట్లూ, తరవాత సీడీలూ వచ్చాక అది వర్తకులకు కూడా నష్టమయింది. సినిమా పల్లెకు వచ్చేలోగా దొంగ సీడీ వచ్చేది. ఇంట్లో చూసేసిన బొమ్మకు మళ్ళీ డబ్బిచ్చి ఎవరు వస్తారు?

"అన్ని ఊళ్ళకూ ఒకేరోజున పంపవచ్చుగా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని 2000 తరవాతి రోజుల్లో ఒక్క ప్రింటు తీయించటానికి సుమారు 60 వేల రూపాయలయేది. వంద ప్రింట్లంటే 60 లక్షలు. వారం రోజులకు ఇరవై వేలు కూడా రాబట్టలేని చిన్న హాలుకు 60 వేల ప్రింటు ఎవరిస్తారు? పల్లెను చిన్నచూపు చూడటమేమో అనుకుంటాం గాని, అసలు చిక్కు ఈ లెక్కలో ఉన్నది.

ఆ చిక్కును విడదీసినది ఒక అద్దాల ముక్క. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీలో లారీ హార్న్‌బెక్ అనే శాస్త్రజ్ఞుడు 1987లో దాన్ని కనిపెట్టాడు. తపాలా బిళ్ళంత పలక మీద లక్షలాది అద్దాలు. హాళ్ళలో వాడే ఒక రకం పలకను చూస్తే, అడ్డంగా 2,048, నిలువుగా 1,080. మొత్తం 22 లక్షల 11 వేల 840 అద్దాలు! ఒక్కొక్కటి మీ తల వెంట్రుక మందంలో అయిదో వంతు ఉంటుంది. ప్రతి అద్దమూ సెకనుకు వేలసార్లు ఇటూ అటూ ఒరుగుతుంది. ఇటు ఒరిగితే వెలుగు తెర మీద పడుతుంది, అటు ఒరిగితే పడదు. ఎక్కువసేపు ఇటు ఉంటే ఆ చోటు తెల్లగానూ, తక్కువసేపు ఉంటే మసకగానూ కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ మూడు రంగులకూ మూడు పలకలు. మూడూ కలిసి తెర మీద పూర్తి బొమ్మను చేస్తాయి. ఇందులో ఫిలిం లేదు, అరగదు, గీసుకోదు. నూరో ఆట మొదటి ఆటలాగే ఉంటుంది. హార్న్‌బెక్‌కు 2015లో ఆస్కార్ బహుమతి ఇచ్చారు. ఒక్క సినిమాలోనూ వేషం వేయకుండా ఆస్కార్ కొట్టేశాడు!

1999లో అమెరికాలో ఒక 'స్టార్ వార్స్' చిత్రాన్ని నాలుగు హాళ్ళలో ఇలా ఫిలిం లేకుండా ఆడించి చూశారు. బాగానే ఉంది. అయినా హాళ్ళవాళ్ళు యంత్రాలు కొనటానికి ముందుకు రాలేదు. ఎందుకో చెబుతాను వినండి.

ఒక చెరువు ఆసామి మీ ఇంటికి రోజూ బండి మీద నీళ్ళు తోలుతున్నాడనుకోండి. బండి కిరాయి అతనిదే. చెరువు నుంచి మీ ఇంటిదాకా గొట్టం వేస్తే అతనికి రోజూ కిరాయి మిగులుతుంది. సరే, కాని గొట్టానికయే డబ్బు మీరు పెట్టుకోవాలంటే మీ నాన్నగారు ఊరుకుంటారా? "నీళ్ళు ఇప్పుడూ వస్తున్నాయి, గొట్టంలో వస్తే తియ్యగా ఉంటాయా?" అంటారు. సినిమాలోనూ అదే తగాదా. ప్రింటు ఖర్చు మిగిలేది సినిమా తీసినవాడికి. యంత్రం కొనవలసినది హాలు యజమాని. టిక్కెట్టు ధర చూస్తే పెరగదు.

అమెరికావాళ్ళు దీనికొక ఉపాయం చేశారు. అక్కడ ఒక ప్రింటుకు సుమారు 1,500 డాలర్లయేది. అదే సినిమాను హార్డు డిస్కులో పెట్టి పంపితే 150 డాలర్లు చాలును. యంత్రం ఖరీదా, 70 వేల నుంచి లక్ష డాలర్ల దాకా ఉండేది. అందుచేత, సినిమా కంపెనీ తనకు మిగిలినదానిలో నుంచి ఒక్కొక్క సినిమాకు 800 డాలర్ల ప్రాంతంలో హాలు యంత్రం కింద జమ కట్టాలన్నారు. ఏడాదికి 15 కొత్త సినిమాలు వేస్తే 12 వేలు. ఆరేళ్ళు గడిస్తే 72 వేలు; తక్కువ రకం యంత్రమైతే దాని ఖరీదు తీరిపోయినట్టే. ఈ జమకు 'వర్చువల్ ప్రింట్ ఫీ' అని పేరు. తెలుగులో చెప్పాలంటే, లేని ప్రింటుకు కట్టే రుసుము! పేరు వింటే నవ్వొస్తుంది గాని, ఈ రుసుము లేకపోతే డబ్బాలు ఇప్పటికీ బస్సు టాపు మీదనే తిరుగుతూండేవని నా అభిప్రాయం.

ఈలోగా హాలీవుడ్ పెద్ద కంపెనీలు ఏడు 2002లో ఒక సంఘంగా చేరి, బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలో, దొంగల బారి పడకుండా ఎలా కాపాడాలో 2005లో నియమాలు రాశాయి. మన దేశంలో ఆ నియమాలకు తూగే యంత్రాలు కొనగల హాళ్ళు అప్పుడు బహు కొద్ది. అందుకని ఇక్కడివాళ్ళు అంతకన్నా చవక యంత్రాలతో పని ప్రారంభించారు. యూఎఫ్‌ఓ అనే కంపెనీ 2005లో ఉపగ్రహం ద్వారా సినిమాలు పంపసాగింది. హాలు కప్పు మీద ఒక గొడుగు. సినిమా ముక్కలు ముక్కలుగా ఆకాశం నుంచి దిగి, గదిలోని పెట్టెలో చేరుతుంది. చెన్నైలోని క్యూబ్ కంపెనీ హార్డు డిస్కుల్లోనూ పంపింది. యంత్రాన్ని చాలాచోట్ల కంపెనీయే తెచ్చి పెట్టేది. సినిమా తీసినవాడు రుసుము కట్టేవాడు. ఆట నడుమ వేసే ప్రకటనల డబ్బు కూడా కంపెనీకి వచ్చేది. ఊరికే పెట్టలేదన్నమాట.

ఇందులో తాళంచెవి సంగతి భలే తమాషాగా ఉంటుంది. సినిమా హాలుకు ముందుగానే వచ్చేస్తుంది. కాని అది రహస్య లిపిలో ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి వేరే వస్తుంది. ఆ చెవి కూడా ఒక అంకెల వరసే. అది ఒక్క హాలు యంత్రానికే, ఫలానా రోజు ఫలానా గంట నుంచి ఫలానా రోజు దాకానే పనిచేస్తుంది. పక్క హాలులో పనిచెయ్యదు. గంటకొట్టక ముందు ఎంత బతిమాలినా తెరుచుకోదు. ఎన్ని ఆటలు వేశారో యంత్రమే రాసిపెట్టుకుంటుంది. పాపం, వెనకటి రిప్రజెంటేటివ్ చేసే పనిలో కొంత ఇది లాగేసుకున్నది.

పదేళ్ళు తిరిగేసరికి తెలుగుదేశంలో డబ్బాలు మాయమయాయి. కొత్త బొమ్మ హైదరాబాదులోనూ, మారుమూల ఊళ్ళోనూ ఒకే ఉదయం పడుతున్నది. ఫూజీ కంపెనీ సినిమా ఫిలిం చెయ్యటం 2013లో మానుకున్నది. ఎంతో కాలంగా మన సినిమాలను కడిగిన మద్రాసు ల్యాబులకు ప్రింట్ల పని లేకుండాపోయింది.

అయితే చెరువు ఆసామి తగాదా మళ్ళీ మొదటికి వచ్చింది. "గొట్టం ఖరీదు ఎప్పుడో తీరింది, ఇంకా ఎన్నాళ్ళు కట్టాలి?" అని సినిమాలు తీసేవాళ్ళు అడిగారు. "యంత్రాలు చెడితే బాగుచెయ్యటం, పాతబడితే మార్చటం ఎవరి వల్ల?" అని కంపెనీలు అన్నాయి. మాట కుదరక, 2018 మార్చి 2 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హాళ్ళు మూసేశారు. వారం రోజులకు రాజీపడి తెరిచారు. తగ్గింపు దొరికినా, రుసుము పోలేదు. పెద్ద హీరో బొమ్మకు ఈ రుసుము లెక్కలోకి రాదు. ఇరవై హాళ్ళు కూడా నిండని చిన్న బొమ్మ తీసినవాడికే అది బరువు. నాకైతే రెండు పక్షాల మాటలోనూ కొంత న్యాయం కనిపిస్తుంది. కాని ఇచ్చుకోలేనివాడి దగ్గర కొంచెం తక్కువ పుచ్చుకుంటే తప్పేమిటో తెలియదు.

ఇక విజయవాడలో మళ్ళీ రైలెక్కండి. చెన్నై దారిలో తెనాలి, చీరాల, ఒంగోలు, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట దాటితే సుమారు 350 కిలోమీటర్ల మీద సూళ్ళూరుపేట వస్తుంది. చిన్న ఊరు. ఒకపక్క పులికాట్ సరస్సు, శీతకాలంలో అక్కడికి వచ్చే రాజహంసలు; దాన్ని దాటి పోతే రాకెట్లు ఎగిరే శ్రీహరికోట. ఇదివరకు ఈ ఊరికి వచ్చేవాళ్ళు ఈ రెంటికోసమే వచ్చేవారు. 2019 ఆగస్టు నుంచి మూడో వింత ఒకటి చేరింది. జాతీయ రహదారి పక్కన, వంద అడుగులకు పైగా వెడల్పున్న తెరతో ఒక సినిమాహాలు! మన దేశంలోని అతి పెద్ద తెరల్లో అదొకటి. అందులో వెలుగునిచ్చేది బొగ్గు కడ్డీ కాదు, లేజరు. రీళ్ళ రోజుల్లో ఇటువంటి ఊరికి వాన కురిసే ప్రింటు వచ్చినా పండగే. ఇప్పుడు చెన్నై నుంచి కార్లు వేసుకుని వచ్చి ఇక్కడ సినిమా చూసి పోతున్నారు.

అన్ని చిన్న ఊళ్ళకూ ఈ అదృష్టం పట్టలేదు. సినిమా సమయానికి రావటంతోనే హాలు బతకదు. ఎన్నో హాళ్ళు కల్యాణమండపాలయాయి, గిడ్డంగులయాయి. ఆపరేటర్లు కొందరు కొత్త యంత్రం నేర్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళు ఆటల వరసను ఉదయమే తెర మీద సర్ది పెడితే, వేళకు యంత్రం తానే మొదలుపెడుతుంది. చుక్క కోసం కాచుకుని కూచోనక్కరలేదు. అలా కాచుకోవటమే బతుకుగా ఉన్నవాళ్ళలో చాలామంది ఇతర పనులకు పోయారు. సైకిలు కుర్రవాళ్ళ పని డబ్బాలతోపాటే పోయింది.

ఈసారి మీరు ఏ పాత హాలుకైనా వెళితే, దీపాలు ఆర్పగానే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. పైన గోడలో చిన్న కిటికీలు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఒక్కదానిలో నుంచే వెలుగు వస్తూంటుంది. చీకటిగా ఉన్న ఆ పక్క కిటికీ, రెండో యంత్రానిది.